గోదావరి అవతల నాలుగు కంప్యూటర్లు: ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి సెలవులు: ముందు లెక్క

మా వాళ్ళ కంప్యూటర్లు నాలుగు, నాలుగు చోట్ల ఉన్నాయి. ఏది మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. నేనుండేది హైదరాబాద్‌లో. "ఎడమవైపు కింద ఏముంది నాన్నా?" "ఏమీ లేదమ్మా, అంతా నీలంగా ఉంది" అనుకుంటూ గంటలు గడపడం ఇక చాలు. ఆ తెర ఇక్కడి నుంచి నేనే చూసి, నేనే సరిచేసేలా ఈ ఏడాది ఏదో ఒకటి చేయాలి. పండక్కి అందరూ దొరుకుతారు కాబట్టి ఏ ఇంట్లో ఏముందో ముందు రాసుకున్నాను.

నాన్నది రాజోలు దగ్గర పల్లె. పాత డెస్క్‌టాప్, ఇంటెల్ నాలుగో తరం ఐ3, విండోస్ 10. ఈ-పేపరు, యూట్యూబు, తెలుగులో ఉత్తరాలు, పొలం లెక్కలు. ఫైబరు కనెక్షన్ ఉంది, ఇన్వర్టరు ఉంది గానీ కంప్యూటరు దాని మీద లేదు.

బాబాయిది అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్టు. విండోస్ 11 హోమ్ లాప్‌టాప్, అందులో ట్యాలీ. రైతుల ఖాతాలు, లారీ కిరాయిలు, బయటి రాష్ట్రాల పార్టీల బాకీలు అన్నీ అందులోనే.

మేనత్త అమలాపురంలో ఉంటుంది. రిటైరైన టీచరు. లాప్‌టాప్, ఒక ప్రింటరు. వీధిలో పిల్లలకి ఇప్పటికీ ప్రశ్నపత్రాలు తయారుచేసి ఇస్తుంది. పిన్ని చించినాడ వంతెన దాటి అవతల, పాలకొల్లులో. చీరల ఫొటోలు ఫోన్లో తీసి, కంప్యూటర్లో సర్ది, వాట్సాప్‌లో పెడుతుంది.

ఈ లెక్క తీస్తుంటే బాబాయి లాప్‌టాప్‌లో ఒక సంగతి బయటపడింది. దూరం నుంచి కంప్యూటరు నడిపే ప్రోగ్రాములు అందులో అప్పటికే రెండున్నాయి. ఒకటి ఎప్పుడో రిపేరుకి వచ్చినవాళ్ళు పెట్టింది. రెండోది ఎవరు పెట్టారో బాబాయికి గుర్తులేదు. రెండూ విండోస్‌తో పాటే లేస్తున్నాయి. ఒకదానికి శాశ్వత పాస్‌వర్డ్ ఉంది, అదేమో కొట్టు ఫోన్ నంబరులో చివరి అంకెలు. ఎవరు ఎప్పుడొచ్చి ఏం చూసి వెళ్ళారో చెప్పే దారి లేదు. రెండూ అక్కడికక్కడే తీసేశాను. ట్యాలీ పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్ మార్పించాను.

బాబాయి అంతా చూసి, "మరి నువ్వు పెట్టబోయేది కూడా అలాంటిదేగా అమ్మా?" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే. సాధనం నిజంగానే అదే. తేడా ఏమన్నా ఉంటే అది నేను పెట్టే తీరులో ఉండాలి.

ఫిబ్రవరి: దారి ఎటు

అందరూ ముందు చెప్పేది విండోస్‌లోనే ఉండే రిమోట్ డెస్క్‌టాప్. హోమ్ ఎడిషన్‌లోకి బయటి నుంచి అలా రావడం కుదరదు, ప్రో కావాలి. ప్రో ఉన్నా రౌటర్లో అది వాడే 3389 పోర్టు, అంటే బయటి నుంచి లోపలికొచ్చే తలుపు, తెరిచి పెట్టడం నా వల్ల కాదు. ఆ పోర్టు కనబడితే చాలు, ప్రపంచం నలుమూలల నుంచి రోబోలు పాస్‌వర్డులు కొట్టి చూస్తూనే ఉంటాయి.

అయినా తెరుద్దామన్నా తెరుచుకోదు. నాన్న రౌటర్లోకి వెళ్ళి బయటివైపు ఐపీ, అంటే ఇంటర్నెట్ చిరునామా, చూశాను. 100.70తో మొదలైంది. బ్రౌజర్లో "నా ఐపీ ఏది" అని వెతికితే ఇంకోటి చూపించింది. దీన్నే సీజీనాట్ అంటారు. ఐపీవీ4 చిరునామాలు చాలక, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు చాలా ఇళ్ళని ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతారు. ఇందుకోసమే 2012లో ఆర్ఎఫ్‌సీ 6598 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ద్వారా 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా కేటాయించారు. మీ రౌటరు బయటి చిరునామా ఈ మధ్యలో ఉంటే, ఇంట్లో పోర్టు ఎంత తెరిచినా బయటివాళ్ళు మీ గుమ్మం దాకా రాలేరు. నా పనికి ఇది అడ్డమే, కానీ నాన్న కంప్యూటరు మీద బయటినుంచి ఎవరూ తలుపు తట్టలేరు కాబట్టి నాకు పెద్ద బాధనిపించలేదు.

రెండో దారి క్విక్ అసిస్ట్. విండోస్‌లోనే వస్తుంది. నేను కోడు తీసి చెబుతాను, అవతలివాళ్ళు పది నిమిషాల్లోపు అది కొట్టాలి. మైక్రోసాఫ్ట్ ఖాతా సాయం చేసేవాళ్ళకి ఉంటే చాలు. అత్తయ్యతో చేసి చూశాను, బాగానే నడిచింది. ప్రింటర్ డ్రైవరు వేయబోతే మాత్రం అడ్మిన్ అనుమతి అడిగే పెట్టె వచ్చింది, నా తెర నల్లబడి ఆగిపోయింది. ఆ పెట్టె విండోస్ వేరే భద్రమైన తెర మీద చూపిస్తుంది, దూరం నుంచి చూసేవాళ్ళకి కనపడనివ్వదు. అక్కడ ఏం రాసుందో అత్తయ్య ఫోన్లో చదివి వినిపించాలి. ఒకసారికైతే పరవాలేదు, ప్రతిసారీ అంటే కష్టం.

మూడోది ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి. పని చేస్తాయి. కానీ నాలుగిళ్ళకీ మధ్యవర్తి నాదైతే బావుంటుందనిపించింది. అందుకని రస్ట్‌డెస్క్ ఎంచుకున్నాను. ఓపెన్ సోర్స్, సర్వరు మనమే పెట్టుకోవచ్చు.

మార్చి: సొంత సర్వరు

ముంబైలో నెలకి కొన్ని వందల రూపాయలయ్యే చిన్న అద్దె సర్వరు తీసుకున్నాను. డెబియన్ 12 అనే లినక్స్ వేసి, ప్రోగ్రాముల్ని విడి పెట్టెల్లో నడిపే డాకర్‌లో రస్ట్‌డెస్క్ సర్వరు ఎక్కించాను.

ఇందులో రెండు ముక్కలుంటాయి. హెచ్‌బీబీఎస్ పెళ్ళిళ్ళ పేరయ్య. ఎవరెక్కడున్నారో దానికి తెలుసు, ఇద్దరినీ కలిపి తను తప్పుకుంటుంది. రెండు వైపుల నాట్‌లు (చాలా పరికరాల్ని ఒకే చిరునామా వెనక ఉంచే ఏర్పాట్లు) ఒప్పుకుంటే ఇద్దరం నేరుగా మాట్లాడుకుంటాం. ఒప్పుకోకపోతే హెచ్‌బీబీఆర్ మధ్యలో నిలబడి డేటా అటూ ఇటూ అందిస్తుంది. సీజీనాట్ వెనక ఇళ్ళతో ఈ రెండోదే ఎక్కువ జరుగుతుందని ముందే అనుకున్నాను. చివరికి నాన్న ఇల్లు నేరుగా కలుస్తోంది, బాబాయి కొట్టు ఎప్పుడూ రిలే మీదే వస్తోంది.

తెరిచిన పోర్టులు: 21115, 21116, 21117. వీటిలో 21116కి మాత్రం టీసీపీతో పాటు యూడీపీ కూడా తెరవాలి, ఇవి డేటా పంపే రెండు పద్ధతులు. ఇది మరిచిపోతే సర్వరు నడుస్తూనే ఉంటుంది, కంప్యూటర్లు మాత్రం ఆన్‌లైన్ చూపించవు. 21118, 21119 బ్రౌజరు నుంచి వాడేవాళ్ళకి. నాకు అక్కర్లేదు, మూసే ఉంచాను.

ఇక్కడ రెండు సంగతులు ముందే చూసుకుంటే తరవాత బాధ ఉండదు. మొదటిది, అవతలి కంప్యూటర్లలో సర్వరు చిరునామాగా ఐపీ అంకెలు రాయకూడదు, డొమైన్ పేరు రాయాలి. రేపు సర్వరు మార్చినా, డొమైన్ ఎటు చూపాలో మారిస్తే సరిపోతుంది. అంకెలు రాస్తే మళ్ళీ నాలుగిళ్ళకీ తిరగాలి. రెండోది తాళం. సర్వరు మొదటిసారి లేచినప్పుడు ఈడీ25519 అనే రకం జత తాళాలు తయారుచేసుకుంటుంది. బయటికిచ్చే తాళాన్ని ప్రతి కంప్యూటర్లో అతికిస్తాం. అది లేనివాళ్ళకి ఈ సర్వరుతో పనిలేదు. లోపలి తాళం పోతే సర్వరు మళ్ళీ కొత్త జత చేసుకుంటుంది, అప్పుడు పాత తాళంతో ఉన్న కంప్యూటర్లన్నీ బయటే ఉండిపోతాయి. ఆ ఫోల్డరు మొత్తం వేరేచోట దాచాను.

కాలువలు కట్టేశాక: ఇంటింటికీ

వేసవిలో డెల్టా కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. పొలం పనులు తగ్గుతాయి, నాన్న ఖాళీగా ఉంటాడు. ఈ పనికి అదే సరైన కాలం.

ఎక్కించడం నిమిషాల పని. ఇన్‌స్టాల్ చేసి, సర్వీసులా, అంటే విండోస్‌తో పాటే లేచి వెనక నడిచేలా పెట్టి, సర్వరు పేరూ తాళం అతికించాలి. అలా ఇన్‌స్టాల్ చేస్తే అడ్మిన్ అనుమతి పెట్టె కూడా నాకు కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే ఫైలు తెరిచి నడిపితే మళ్ళీ క్విక్ అసిస్ట్ తిప్పలే. ప్రతి కంప్యూటర్లో అడ్మిన్ ఖాతా వేరు, రోజువారీ ఖాతా వేరు చేశాను.

టైమంతా పట్టింది దీనికి కాదు. ఎవరింట్లో నేను ఎంతవరకు వెళ్ళొచ్చు అన్నదానికి.

నాన్న సంగతి తేలిక. "నన్నడక్కు, నువ్వే చూసుకో." పొలానికి వెళ్ళినప్పుడు కూడా నేను వెళ్ళి చూసుకోవాలి. కాబట్టి అక్కడ శాశ్వత పాస్‌వర్డ్, చాలా పొడుగుది. పైన రెండో అంచెగా ఫోన్లో మారే కోడు.

బాబాయి కొట్టు పూర్తిగా వేరు. ఆ లెక్కలు ఆయనవి మాత్రమే కావు, ఊళ్ళో చాలామంది రైతులవి. రస్ట్‌డెస్క్‌లో ఎలా రానివ్వాలో మూడు రకాలు పెట్టుకోవచ్చు: పాస్‌వర్డుతో, అవతలివాళ్ళు ఒప్పుకుంటూ నొక్కితే, లేదా రెండింటిలో ఏదైనా. కొట్టు లాప్‌టాప్‌కి నొక్కితేనే అని పెట్టాను. పాస్‌వర్డే లేదు. నేను కలపగానే ఆయన తెర మీద పెట్టె వస్తుంది, ఆయన ఒప్పుకుంటేనే నాకు తెర కనిపిస్తుంది. కలిసి ఉన్నంతసేపూ పక్కన చిన్న కిటికీ ఉంటుంది. కీబోర్డు, క్లిప్‌బోర్డు, ఫైళ్ళు ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. ఏది నొక్కితే అది ఆగుతుంది. ఫైళ్ళ బదిలీ మొదటి నుంచే ఆపేశాను.

బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని, నా లాప్‌టాప్ నుంచే కలిపి చూపించాను. మధ్యలో ఆయన చేతే తెంపించాను. ఇంకోసారి తెంపాడు. మళ్ళీ కలపమన్నాడు, మళ్ళీ తెంపాడు. "ఇదీ బాగానే ఉంది" అన్నాడు. అంతకుముందు పెట్టినవాళ్ళెవరూ ఆయనకి ఆ బొత్తాం ఎక్కడుందో చూపించలేదు.

నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కి 11వ తేదీ గడువు, 3బీకి 20వ తేదీ. ఆ ముందు రెండు మూడు రోజులు కొట్టు కంప్యూటర్లో నేను ఏ అప్‌డేటూ ముట్టుకోకూడదన్నది ఆయన పెట్టిన షరతు. న్యాయమే.

అత్తయ్యకి కూడా నొక్కితేనే. కాకపోతే ఆవిడ ఇంకో నియమం చేర్చింది. "ముందు ఫోన్ చెయ్యి కోడలా. నీ గొంతు వినకుండా ఆ పెట్టెలో నీ పేరున్నా నేను నొక్కను." సరేనన్నాను. ఇంట్లోవాళ్ళకే తెలిసిన ఒక మాట కూడా అనుకున్నాం. గొంతు మీద అనుమానమొస్తే ఆ మాట అడగాలి. గొంతులు కూడా కంప్యూటర్లు అనుకరిస్తున్న కాలం కదా అని నేనంటే, "అదెందుకే, మీ నాన్న గొంతు, మీ బాబాయి గొంతు ఇప్పటికీ ఫోన్లో నాకు ఒకలాగే ఉంటాయి" అంది.

పిన్ని పని గంటలో అయిపోయింది. రాసుకోవడానికి ఏమీ లేదు.

ఒక చిన్న విషయం. నాన్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో కొడతాడు. ఆయన కంప్యూటర్లో తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉన్నప్పుడు నేను ఇక్కడి నుంచి పాస్‌వర్డ్ కొడితే అది అక్కడ తెలుగు అక్షరాలైపోతుంది. రస్ట్‌డెస్క్‌లో మ్యాప్ మోడ్ ఏ మీట నొక్కానో అది పంపుతుంది, ఏ అక్షరం పడాలో అవతలి కీబోర్డు అమరిక నిర్ణయిస్తుంది. ట్రాన్స్‌లేట్ మోడ్ పెడితే నా వైపు అక్షరం వెళ్తుంది. ఏ మోడైనా సరే, పాస్‌వర్డ్ కొట్టేముందు కింద మూల భాష గుర్తు చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఫోన్లలో మాత్రం పెట్టలేదు. అందరూ ముందు అడిగింది అదే, నిజానికి ఇబ్బందులూ ఫోన్లలోనే ఎక్కువ. కానీ ఆండ్రాయిడ్‌లో దూరం నుంచి నడపాలంటే యాక్సెసబిలిటీ అనుమతి ఇవ్వాలి. అది ఇస్తే తెర మీద దాదాపు ఏదైనా చేయొచ్చు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ అన్నీ ఉన్న ఫోన్‌కి ఆ అలవాటు చేయడం నాకు ఇష్టంలేదు. ఫోన్ అయితే వీడియో కాల్, లేదా ఇంకో ఫోన్‌తో తీసిన ఫొటో.

జూన్: కరెంటు సంగతి

కాలువలకి నీళ్ళు వదిలారు, గాలివానలు మొదలయ్యాయి, కరెంటు పోతూ వస్తూ ఉంది. రిమోట్ ఎంత బాగా పెట్టినా కంప్యూటరు ఆగిపోయి ఉంటే ఏం చేస్తాం?

నాన్న ఇంట్లో ఇలా అమర్చాను. ఫైబరు పెట్టెకి 12 వోల్టుల మినీ యూపీఎస్. దానికే ఐదు వోల్టుల యూఎస్‌బీ ఒకటి ఉంది, దానికి రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ తగిలించాను. చిన్న బోర్డు, కరెంటు చాలా తక్కువ తాగుతుంది. అందులో టెయిల్‌స్కేల్ వేశాను. ఇది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడిచే సొంత నెట్‌వర్కు, సీజీనాట్ వెనక ఉన్నా కలుస్తుంది. టెయిల్‌స్కేల్ కూడా తన పరికరాలకి 100.64 నుంచి మొదలయ్యే ఆ శ్రేణిలోనే చిరునామాలిస్తుంది. రౌటరు చిరునామాతో కలగాపులగం అవుతుందేమోనని చూశాను, కాలేదు.

ఈ బోర్డు వల్ల పెద్ద లాభం ఫోన్ చేయకుండానే సగం సంగతి తెలియడం. బోర్డు పలికి, కంప్యూటరు పలకకపోతే కంప్యూటరు ఆపి ఉంది. బోర్డు కూడా పలకకపోతే ఫైబరు తెగింది, లేదా మినీ యూపీఎస్ కూడా ఖాళీ అయ్యేంతసేపు కరెంటు లేదు.

ఆపి ఉన్న కంప్యూటర్ని లేపడానికి వేక్ ఆన్ లాన్. అదే నెట్‌వర్కులో ఉన్న ఇంకో పరికరం ఒక ప్యాకెట్ పంపాలి. అందులో ముందు ఆరు ఎఫ్ఎఫ్ బైట్లు, తరవాత ఆ కంప్యూటరు నెట్‌వర్కు కార్డు మ్యాక్ చిరునామా (ఆ కార్డుకుండే గుర్తింపు నంబరు) పదహారుసార్లు ఉంటాయి. ఇది ఇంటర్నెట్ దాటి మామూలుగా రాదు, అందుకే ఇంట్లో బోర్డు ఉండాలి. పాత బోర్డులు చాలావరకు ఒప్పుకుంటాయి గానీ మూడు చోట్ల చూడాలి. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే అమరికల్లో, వేక్ ఆన్ లాన్ ఆన్ చేసి, ఈఆర్‌పీ లాంటి కరెంటు పొదుపు ఏదైనా ఉంటే ఆపాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి, అదుంటే షట్‌డౌన్ చేసినా నిజంగా షట్‌డౌన్ అవ్వదు, లేవదు. కేబుల్ తగిలించాలి, వైఫైని నమ్ముకోకూడదు. బయాస్‌లోనే ఇంకోటి, కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న దగ్గర "ఆన్" పెట్టాను. కానీ మా ఊళ్ళో కరెంటు వచ్చి మళ్ళీ పోయి మళ్ళీ వస్తుంది. దానికి యూపీఎస్ ఒక్కటే మందు. నాన్న ఇన్వర్టరు మీద కంప్యూటరు ప్లగ్గు కూడా కలిపించాను.

టెయిల్‌స్కేల్‌లో పరికరాల తాళాలకి మామూలుగా 180 రోజుల గడువుంటుంది. బోర్డుకి ఆ గడువు తీసేశాను. లేకపోతే డిసెంబరులో ఎవరో రాజోలు వెళ్ళి దానికి లాగిన్ చేయాల్సొచ్చేది.

జులై, ఎర్రనీళ్ళ రోజులు

గోదావరికి ఎర్రనీళ్ళొచ్చాయి. గాలిలో తేమ ఎక్కువ. నాన్న కంప్యూటరు ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతోంది, తెర నల్లగా ఉంది, లోపలి నుంచి బీప్ బీప్. ఇంత ఏర్పాటు చేసినా ఇలాంటప్పుడు దూరం నుంచి చేయగలిగేది వీడియో కాల్ మాత్రమే. సముద్రం దగ్గర ఊళ్ళలో ఇది కొత్త కాదు. ర్యామ్ బంగారుపూత పళ్ళ మీద సన్నటి మురికి పొర పట్టి, స్పర్శ సరిగా అందదు. ఇంటర్ చదివే పక్కింటి కుర్రాణ్ణి పిలిపించాను. ప్లగ్గు తీసి, పవర్ బొత్తాం కాసేపు నొక్కి పట్టి, ర్యామ్ తీసి, ఆ పళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, దులిపి, టక్‌మనేదాకా నొక్కి పెట్టమన్నాను. లేచింది. ఆ కుర్రాడి పేరు, ఫోన్ నంబరు డైరీలో రాసుకున్నాను. అన్ని ఇళ్ళకీ ఇలాంటి ఒక చెయ్యి కావాలి. కొట్టులో బాబాయి కొడుకు ఉన్నాడు, అమలాపురంలో అత్తయ్య పాత శిష్యుల్లో ఒకడు ఉన్నాడు.

అదే నెలలో అత్తయ్యకి ఓ ఫోన్. బ్యాంకు నుంచట. కేవైసీ గడువు అయిపోయింది, ఖాతా ఆగిపోతుంది, మేము సరిచేస్తాం, ఫలానా యాప్ వేసి అందులో వచ్చే నంబరు చెప్పండి అన్నాడు. అత్తయ్య అడిగిందట, "బాబూ, మా ఇంటి మాట చెప్పు." వాడు అర్థంకాక ఏదో అన్నాడు. "అది కాదు" అని పెట్టేసింది.

ఎనీడెస్క్ పేరుతో ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. 2024 మేలో క్విక్ అసిస్ట్‌ని అడ్డం పెట్టుకుని జరుగుతున్న దాడుల గురించి మైక్రోసాఫ్టే చెప్పింది. నేను వాడే పద్ధతికీ, వాడు అడిగిన పద్ధతికీ తెర మీద తేడా ఏమీ ఉండదు. రెండు చోట్లా ఒక నంబరు, ఒక ఒప్పుకోలు. అందుకే అందరికీ ఒకటే చెప్పాను: మీకు ఫోన్ చేసినవాళ్ళు అడిగితే నంబరు ఇవ్వకూడదు, అది నేనైనా సరే. అనుమానమొస్తే పెట్టేసి, మీరే నాకు తిరిగి చేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930. డబ్బు పోకపోయినా ఆ నంబరుని ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో "చక్షు" కింద ఫిర్యాదు చేయొచ్చు. అత్తయ్య చేసింది, తెలుగు టీచరు కాబట్టి ఫిర్యాదు కొంచెం పొడుగ్గానే రాసింది.

అక్టోబరు: ఒక మార్పు, ఒక తుఫాను

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు అయిపోయింది. నాన్న ప్రాసెసరు విండోస్ 11 జాబితాలో లేదు. ఇంకో ఏడాది అదనపు అప్‌డేట్లు తీసుకునే దారి ఉండేది గానీ, ఎలాగూ వాడేది బ్రౌజరు, ఉత్తరాలు, లెక్కలు. దసరాకి వెళ్ళినప్పుడు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22 వేశాను, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. సినమన్ డెస్క్‌టాప్, తెర చూపించే పాత పద్ధతి ఎక్స్11 మీదే ఉంచాను. కొత్త పద్ధతి వేలాండ్ మీద లాగిన్ తెర దగ్గర దూరం నుంచి కలవడం ఇంకా ఇబ్బందే. నాన్న అడిగింది రెండే: ఈ-పేపరు వస్తుందా, తెలుగు కీబోర్డు పాతదేనా. రెండూ ఉన్నాయి.

లినక్స్ వచ్చాక ఆ ఇంటి పని సగానికి తగ్గింది. టెయిల్‌స్కేల్ మీదుగా ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి అక్షరాల ఆదేశాలతో కంప్యూటరు నడిపే పద్ధతి) వెళ్ళి అప్‌డేట్లు, డిస్కు ఖాళీ, లాగ్‌లు అన్నీ చూసేయొచ్చు. తెర కదిలించక్కర్లేదు. నాన్న యూట్యూబు చూస్తూ ఉండగానే పని అయిపోతుంది.

నెలాఖరున మోంథా తుఫాను. హెచ్చరికలు ముందునుంచే వస్తున్నాయి కాబట్టి బాబాయికి ఫోన్ చేసి, ఆయన నొక్కాక, ట్యాలీ మూయించి, ఆ డేటా ఫోల్డరు మొత్తం బయట ఒక డ్రైవులోకి, ఇంకోటి నా దగ్గరకి కాపీ తీశాను. ట్యాలీ తెరిచి ఉండగా కాపీ తీస్తే ఫైళ్ళు సగం సగంగా రావొచ్చు. ఆ రోజు కోసమే ఫైళ్ళ బదిలీ అనుమతి ఆయన చేతే ఆన్ చేయించి, అయ్యాక ఆయన చేతే ఆపించాను. ప్లగ్గులన్నీ తీయించాం.

28వ తేదీ రాత్రి తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. నాన్న ఇంట్లో కరెంటు పోయాక కూడా బోర్డు చాలాసేపు పలికింది, అర్ధరాత్రికి ముందే ఆగిపోయింది. ఆ తరవాత నాకు తెలిసింది సర్వరు లాగ్‌లో "చివరిగా కనిపించినది" అన్న సమయాలు మాత్రమే. ఒకదాని తరవాత ఒకటి ఆరిపోయాయి, పాలకొల్లు ఆఖరు. తెల్లారాక నాన్న ఫోన్ కలిసింది, మనుషులంతా బాగానే ఉన్నారు. కొబ్బరిచెట్టు పడి వీధి ఫైబరు తెగింది.

కొట్టులో ముందు ఫోన్ హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్ తెరిచారు. ఆ సన్నటి లైను మీద రస్ట్‌డెస్క్ నడపాలంటే నాణ్యత తగ్గించి వేగానికి ప్రాధాన్యం ఇచ్చేలా పెట్టాలి, అవతలి వాల్‌పేపరు తీసేయాలి, తెర రెజల్యూషన్ తగ్గించాలి. అంత చేశాక ఓపిగ్గా పని జరిగింది. హాట్‌స్పాటే ఎప్పటికీ అండ అని కూడా అనుకోలేం. 2022 మేలో అమలాపురం గొడవల తరవాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు, ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునేవాళ్ళు సిగ్నల్ కోసం గోదావరి గట్లకి వెళ్ళారు. అలాంటి రోజుల్లో ఈ ఏర్పాటంతా నిద్రపోవాల్సిందే. అందుకే బాబాయి ట్యాలీ కాపీ ఎప్పుడూ ఒకటి కొట్టులోనే ఉండాలి.

ధనుర్మాసం: రెండో తాళం

అన్నీ నా ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. సర్వరు నాది, తాళం నాది, పాస్‌వర్డులు నా దగ్గర. నేను ఊళ్ళో లేకపోయినా, జ్వరమొచ్చి పడుకున్నా అందరూ ఆగిపోతారు. బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, బీటెక్ చివరి ఏడాది. వాడికి రెండో చెయ్యి ఇవ్వాలని నిర్ణయించాను.

ఇచ్చినవి: సర్వరులో వాడి సొంత ఖాతా, వాడి సొంత ఎస్ఎస్‌హెచ్ తాళం. సర్వరు తాళం ఉన్న ఫోల్డరు కాపీ పెన్‌డ్రైవ్‌లో, పాస్‌వర్డ్ పెట్టి, నాన్న బీరువాలో. ఆ పాస్‌వర్డ్ కాగితం అత్తయ్య దగ్గర. ఇవ్వనివి: నాన్న కంప్యూటరు శాశ్వత పాస్‌వర్డ్. అక్కడికి వాడు వెళ్ళాలంటే నాన్న చూపించే ఒక్కసారి పాస్‌వర్డ్ అడగాలి. బాబాయి కొట్టుకి ఎలాగూ పాస్‌వర్డే లేదు, సొంత కొడుకైనా నొక్కితేనే. ఈ మాట వినగానే బాబాయి ముఖంలో కనిపించిన సంతోషం చూడాలి.

తమ్ముడి మొదటి పని అత్తయ్య ప్రింటరు. విండోస్ అప్‌డేట్ తరవాత డ్రైవరు పోయింది, తిరిగి వేయాలి. ఫోన్ చేయకుండా నేరుగా కలిపాడు. అత్తయ్య "వద్దు" నొక్కింది. వాడు మళ్ళీ కలిపాడు. ఆవిడ మళ్ళీ "వద్దు" నొక్కి, వైఫై ఆపేసి, నాకు ఫోన్ చేసింది.

"ఎవడో లోపలికి రావాలని చూస్తున్నాడే కోడలా. వాడి పేరు కూడా మన వాడి పేరే పెట్టుకున్నాడు, ఎంత తెలివో చూడు."

తమ్ముడికి చెప్పాను. సాయంత్రం ఫోన్ చేసి, మాట చెప్పి, అడిగి వెళ్ళాడు. డ్రైవరు పడింది. ప్రశ్నపత్రాలు రెండువైపులా ముద్రించడం కూడా చూపించాడట, కాగితం సగం మిగులుతోంది.